నలభై తొమ్మిది కిలోలు

ఎర్మెలిండకు డెబ్బై ఎనిమిదేళ్ళు.
తూకం నలభై తొమ్మిది.
"పెళ్ళినాడూ ఇంతే" అంటుంది
యంత్రం దిగుతూ,
పరీక్ష గట్టెక్కిన పిల్లలా గడ్డం పైకెత్తి.

ఒల్యావ్ రేవు పక్కన ఈ చిన్న ఆసుపత్రిలో
పదకొండేళ్ళుగా నర్సుని నేను.
ముల్లు అబద్ధమాడదు, ఒప్పుకుంటాను.
అడిగినదానికే జవాబిస్తుంది, అంతే.
ఎంత అంటే చెబుతుంది.
ఏమిటి అంటే
సున్నా దగ్గర నిలబడి దిక్కులు చూస్తుంది.

గౌను గుండీలు పెట్టడానికి సాయం చేస్తూ చూశాను:
భుజం ఎముక ఒక కొక్కెం,
దానికి తగిలించిన తడి తువ్వాలు చర్మం.
తొడ చుట్టూ నా రెండు చేతులూ కలుసుకున్నాయి.
పొట్ట దగ్గర మాత్రం
మెత్తగా, చల్లగా, ఒక దిండు.

ఇల్లు అదే. అద్దె అదే.
లోపల కాపురం మారిపోయింది.
కండ ఏ రాత్రి ఖాళీ చేసి వెళ్ళిందో
కొవ్వు ఏ మధ్యాహ్నం సామాను దింపుకుందో
వీధిలో ఒక్కరూ చూడలేదు.
గుమ్మం మీద నెంబరు మారలేదుగా మరి.

పిడి చేతికిచ్చి నొక్కమన్నాను.
పళ్ళు బిగించి నొక్కింది.
పదకొండు.
"ఈ చేతులే," అంది, వాటివైపు చూడకుండా,
"పద్నాలుగో ఏట నుంచీ సార్డీన్ తలలు తుంచినవి.
పడవలొస్తే అర్ధరాత్రి సైరన్ మోగేది.
ఏ ఫ్యాక్టరీ కూతో నిద్రలోనే పోల్చుకునేవాళ్ళం.
ఉప్పుకి వేళ్ళు పగిలేవి.
డబ్బాలో చేపని పడుకోబెడితే
పక్క చేప ఉలిక్కిపడకూడదు, అంత నేర్పు."

ఇప్పుడేం తింటున్నావమ్మా?
పొద్దున పాలకాఫీ, అందులో రొట్టె.
మధ్యాహ్నం క్యాబేజీ చారు.
రాత్రి?
మళ్ళీ పాలకాఫీ, మళ్ళీ రొట్టె.
మరి చేప?

నన్ను చూసిన చూపుకి
నా కలంలో సిరా గడ్డకట్టింది.
"నలభై ఏళ్ళు చేప నన్ను తింది.
ఇక చాలు."

ఫిబ్రవరిలో వంటింట్లో జారింది.
ఎముక విరగలేదు, గాయం లేదు, నెత్తురు లేదు.
తెల్లారేదాకా బల్ల కింద పడుకుని
పైకప్పు చెమ్మని లెక్కపెట్టింది.
పిల్లి గుండె మీద కూర్చుంది.
లేవడానికి
తొడలో ఎవరూ లేరు.

డాక్టరు చీటీ రాశాడు: మాంసకృత్తులు, కాళ్ళకు కసరత్తు.
చీటీని నాలుగు మడతలు పెట్టి
కరెంటు బిల్లుల పక్కన దాచింది.
పక్కింటి జుల్మీర ఊరుకోలేదు.
శనగలుడికించి తెచ్చేది, రెండు గుడ్లు కొట్టి పోసి,
తినేదాకా గుమ్మానికి అడ్డంగా నిలబడేది.
ఆ మనిషి అడ్డం నిలబడితే
గాలి కూడా అనుమతి అడగాలి.

కుర్చీలోంచి లేవాలి, కూర్చోవాలి, పదిసార్లు.
ఎర్మెలిండ అంకెలు లెక్కపెట్టదు.
ఫ్యాక్టరీ బల్ల దగ్గర తనతో వరసగా నిలబడ్డవాళ్ళ
పేర్లు చదువుతుంది, ఒక్కో లేపుకి ఒక్కో పేరు:
అదోజిండ. ప్రెసియోజ. లిబానియ.
గ్రాసిండ. ఒతీలియ.
ఆరో మనిషి సెవెరీన.
అక్కడ కూలబడిపోతుంది.
మోకాళ్ళట. కాదు,
యాభై ఏళ్ళనాటి కత్తెర తగవట.
ఎవరి కత్తెరో అడగలేదు నేను.

సెప్టెంబరులో వచ్చింది.
ముల్లు యాభైన్నర దగ్గర ఆగింది.
మొహం మాడ్చుకుంది. "లావయ్యాను."
పిడి పద్నాలుగు చూపించింది.
నేను నవ్వితే తను నవ్వలేదు,
ఎక్కిన కిలోన్నర మీదే ఉంది మనసు.
అది కొవ్వు కాదమ్మా,
వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు
తిరిగొచ్చి తలుపు తడుతున్నారంటే
"అద్దె ఎవరు కడతారు?" అంది.

సెవెరీనని దాటావా?
"దాటాను. మొహం చూడకుండా."

గుండీలు తనే పెట్టుకుంది, ఒకటి తప్ప.
సంచీ భుజాన వేసుకుంటూ,
ఎవరికో చెబుతున్నట్టు, గోడవైపు:
"నిన్న ఒక డబ్బా తెరిచాను.
సార్డీన్. రింగు నేనే లాగాను."
తిన్నావా?
"సగం.
మిగతాది పిల్లికి పెట్టాను.
దానికీ వయసైంది."